పులుసూ కాదు, వేపుడూ కాదు: ఓవెన్‌లో మధ్యధరా చేప భోజనం

“పులుసుకా, వేపుడుకా అమ్మా?”

రాంనగర్ చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చున్నవారు తలెత్తకుండా అడిగే మొదటి ప్రశ్న ఇదే. హైదరాబాద్‌లో చేపకు రెండే గతులు. నేను మొదటిసారి “రెండూ కాదన్నా, ఓవెన్‌లో పెట్టడానికి” అన్నప్పుడు ఆయన తలెత్తి నన్నూ, నేను ఎంచుకున్న పండుగప్పనూ మార్చిమార్చి చూసి, “అయితే వేపుడు ముక్కలే కొడతాను” అని తీర్మానించారు. నేనూ తలూపాను. అడ్డంగా కోసిన ఆ ముక్కలను ఇంటికి తెచ్చి, నిమ్మరసంలో గంటసేపు నానబెట్టి, పచ్చి టమాటా ముక్కలతో కలిపి ముప్పావుగంట ఓవెన్‌లో ఉంచాను. పళ్లెంలో టమాటా నీళ్లు చెరువులా నిలిచాయి, అందులో చేప పీచుపీచుగా తేలింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. ఆవకాయ జాడీ మాత్రం బల్ల మీదికి వచ్చింది.

ఆ రోజు చేసిన తప్పులన్నిటికీ మూలం ఒక్కటే. పులుసుకు అలవాటుపడిన చేయి నూనె పైకి తేలేదాకా పొయ్యి ఆపదు. పులుసులో అది చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ రుచి అంతా పులుసుది. ఈ వంటలో ఆ ఓపిక కూరగాయలకు చూపాలి, చేపకు కాదు. ఉల్లి, టమాటా, బంగాళాదుంప ముందుగా ఓవెన్‌లోకి వెళ్లి నూనె తేలేదాకా మగ్గాలి. చేప చివర పావుగంటకు వచ్చి చేరాలి. ఈ ఒక్క వరుస తప్పకపోతే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా భోజనం నిలబడుతుంది.

మనం చేయబోయేది గ్రీకులు ‘ప్లాకి’ అని పిలిచే పద్ధతికి దగ్గరి చుట్టం. ఉల్లిపాయ, టమాటా, వెల్లుల్లి, ధారాళంగా ఆలివ్ నూనె, వాటి మీద చేప, అన్నీ ఒకే పళ్లెంలో. టమాటా అక్కడికైనా మనకైనా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. 16వ శతాబ్దానికి ముందు మధ్యధరా తీరంలో టమాటా వంటే లేదు. కాబట్టి ఈ వంటకం ముందు మనం మరీ బెరుకుగా నిలబడనక్కర్లేదు.

ఏ చేప కొనాలి

మధ్యధరా తీరంలో దీనికి సీ బాస్, సీ బ్రీమ్ వాడతారు. చలి సముద్రాల దేశాల్లో కాడ్ వాడతారు. మూడింటిలోనూ ఉన్న గుణం తెల్లటి కండ, తక్కువ కొవ్వు, ఉడికాక రేకులు రేకులుగా విడిపోవడం. హైదరాబాద్‌లో దొరికే చేపల్లో ఆ గుణాలన్నీ ఉన్నది పండుగప్ప. హోటళ్ల మెనూల్లో ఏషియన్ సీ బాస్ అనో, బారముండి అనో రాసేది ఈ చేపనే. బెంగాలీలు భెట్కి అంటారు. ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతుకుతుంది. కోస్తా జిల్లాల చెరువుల్లో పెంచుతారు కనుక ఏడాదిలో ఎక్కువ రోజులు నగరంలో దొరుకుతుంది.

రెండో ఎంపిక కొరమేను. తెలంగాణ రాష్ట్ర చేప అనే గౌరవం అటుంచితే, దీని కండలో సన్నముళ్లు ఉండవు. అది పెద్ద సుగుణం. కండ కాస్త బిగువు కాబట్టి రేకులుగా విడిపోదు, నమలాలి. మా ఇంట్లో పెద్దవాళ్లకు అదే ఇష్టం. చందువా అయితే ఫిల్లెట్ (ముల్లు తీసిన పలక) చేయకుండా నిండు చేపనే పెట్టాలి. వంజరం నాకు వేపుడుకే నచ్చుతుంది, ఓవెన్‌లో త్వరగా ఎండిపోతుంది. రవ్వ, బొచ్చె మాత్రం ఈ వంటకు వద్దు. మసాలా, చింతపండు లేని చోట వాటి మట్టివాసన దాగదు, పైగా కండలో చీలిన సన్నముళ్లు ప్రతి ముద్దలో తగులుతాయి.

సూపర్ మార్కెట్లలో గడ్డకట్టించి అమ్మే బాసా చవక, ముల్లు లేదు, వాసన లేదు. నిజం చెప్పాలంటే రుచి కూడా పెద్దగా లేదు. దీని కండలో నీరెక్కువ. వాడక తప్పకపోతే ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, జల్లెడలో పెట్టి నీరంతా కారనివ్వండి. వంటకు ముందు నూలు గుడ్డలో చుట్టి మెల్లగా అదమండి. గుడ్డ ఎంత తడుస్తుందో చూస్తే, అదమకపోతే ఆ నీరంతా ఎక్కడికి చేరేదో అర్థమవుతుంది.

తాజా చేపను గుర్తుపట్టడం చాలామందికి తెలిసిందే: కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ముక్కుకు సముద్రపు గాలి తగిలితే సరే, ఘాటు తగిలితే పక్క దుకాణానికి వెళ్లండి. బేగంబజార్, ముషీరాబాద్ మార్కెట్లలోనూ మంచి చేప దొరుకుతుంది. ఎక్కడికి వెళ్లినా పెందలాడే వెళ్లాలి. మృగశిర కార్తె రోజు మాత్రం ఈ ప్రయోగం పెట్టుకోకండి. ఆ రోజు నగరమంతా చేప కోసమే బయల్దేరుతుంది, కోసేవారికి మీ మాట వినే తీరిక ఉండదు.

కోయించుకునే మాట

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. “బోన్‌లెస్ కావాలి” అంటే చిల్లీ ఫిష్‌కు కోసినట్టు చిన్న చదరపు ముక్కలు చేతికొస్తాయి. నేను ఇప్పుడు ఇలా చెబుతాను: “అన్నా, పొలుసు తీయండి, తోలు ఉంచండి. అడ్డంగా కోయొద్దు. తల దగ్గర గాటు పెట్టి, వెన్నుముల్లుకు ఆనించి తోకదాకా నిలువునా రెండు పలకలుగా తీయండి. తల, ముల్లు విడిగా కట్టండి, పులుసుకు.” ఆ చివరి మాట చాలా పనిచేస్తుంది. తల వదిలేసే మనిషి కాదని తెలిశాక కోసేవారికి మన మీద నమ్మకం కుదురుతుంది.

కిలోన్నర పండుగప్ప నుంచి ఆరు వందల గ్రాముల పైచిలుకు కండ వస్తుంది. నలుగురికి సరిపోతుంది. మిగిలిన బరువు తల, ముల్లు, పేగులు. అంత డబ్బు పెట్టి సగం కూడా రాలేదని బాధపడకండి, తల పులుసులో అది వసూలవుతుంది. ఇంటికి వచ్చాక పలక నడుమ గీత వెంబడి వేలితో నిమిరితే కొన్ని ముళ్లు గుచ్చుకుంటాయి. వాటిని సన్నని పట్టుకారుతో తల వైపుకు వాలుగా లాగేయాలి. నిటారుగా లాగితే కండ చిరుగుతుంది.

నలుగురికి సరుకులు

పండుగప్ప పలకలు 600 నుంచి 700 గ్రాములు, నాలుగు ముక్కలుగా
టమాటాలు అరకిలో
పెద్ద ఉల్లిపాయలు 2
బంగాళాదుంపలు 300 గ్రాములు
వెల్లుల్లి రెబ్బలు 8
ఆలివ్ కాయలు 15 నుంచి 20
కేపర్లు, అంటే ఉప్పునీటిలో ఊరిన చిన్న పూమొగ్గలు, 1 టేబుల్ స్పూను (లేకపోయినా నష్టం లేదు)
ఆలివ్ నూనె 11 టేబుల్ స్పూన్లు: కూరకు 4, చేపకు 1, సాస్‌కు 6
ఎండు ఒరెగానో ఒకటిన్నర టీ స్పూను
నిమ్మకాయలు 3
కొత్తిమీర లేదా పార్స్లీ ఒక చిన్న కట్ట
ఉప్పు, మిరియాలు, చిటికెడు పంచదార

వీటిలో కొన్నిటి గురించి రెండు మాటలు చెప్పాలి.

నూనె లెక్క చూసి గుండె గుభేలుమంటే, మధ్యధరా తిండికి ఇంత పేరు ఎలా వచ్చిందో గుర్తుచేసుకోండి. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో గుండెజబ్బులు బాగా తక్కువగా కనిపించిన క్రీట్ దీవివాసులు తమ ఆహారశక్తిలో సుమారు 40 శాతం కొవ్వు నుంచే పొందేవారు. ఆ కొవ్వులో ఎక్కువ భాగం ఆలివ్ నూనె. దానితోపాటు వాళ్లు పొలం పని చేసేవారు, కూరగాయలు, పప్పులు బాగా తినేవారు అన్నది కూడా మరవకూడదు. ఏదేమైనా ఈ వంటలో నూనె తగ్గిస్తే టమాటా మగ్గదు, ఎండుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె ఓవెన్‌లో మాడిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. టమాటాలో తడి ఉన్నంతసేపు పళ్లెంలోని వేడి నీరు మరిగే వేడిని పెద్దగా దాటదు. ఖర్చు తగ్గించుకోవాలంటే కూర వరకు సగం శుద్ధిచేసిన వేరుశనగ నూనె కలపండి. సాస్‌లో మాత్రం మంచి ఆలివ్ నూనే ఉండాలి, అక్కడ దాని రుచి పచ్చిగా నాలుకకు తెలుస్తుంది. నువ్వుల నూనె వద్దు. ఒక్క చెంచా పడినా పళ్లెమంతా పులిహోర వాసనే.

టమాటాల్లో సగం నాటువి, సగం హైబ్రిడ్‌వి తీసుకుంటాను. నాటు టమాటాకు పులుపు, రసం ఎక్కువ. హైబ్రిడ్‌కు కండ ఎక్కువ. వేసవిలో టమాటా పుల్లగానో, చప్పగానో వచ్చినప్పుడు చిటికెడు పంచదార వేస్తే సర్దుకుంటుంది.

ఒరెగానో లేకపోతే పెరట్లోనో బాల్కనీలోనో వాము ఆకు మొక్క ఉందేమో చూడండి, బజ్జీలు వేస్తామే, ఆ దళసరి ఆకు. ఒరెగానోకు ఆ ఘాటును ఇచ్చే కార్వక్రాల్, థైమాల్ అనే పదార్థాలే ఇందులోనూ ఉన్నాయి. మూడు ఆకులు సన్నగా తరిగితే చాలు. ఐదు వేస్తే దగ్గు మందులా ఉంటుంది, వేసి చూశాను.

ఆలివ్ కాయలు, కేపర్లు ఉప్పునీటిలో ఊరినవి. పది నిమిషాలు మంచినీళ్లలో వేసి వంపేయండి. అలా చేసినా వాటిలో ఉప్పు మిగిలే ఉంటుంది, కూరలో ఉప్పు వేసేటప్పుడు చేయి తగ్గించండి.

ఇక నిమ్మకాయ. ఫోటోల్లో చేప మీద నిమ్మ చక్రాలు పేర్చి ఓవెన్‌లో పెట్టడం చూసి మనమూ అలాగే చేస్తే చేదు వస్తుంది. అక్కడి నిమ్మ పెద్దది, తొక్క మందం, పులుపు కాస్త మృదువు. మనది కాగితంలాంటి తొక్క ఉన్న కాగ్జీ నిమ్మ, అది వేరే జాతి. దాని తొక్క కాలితే చేదెక్కుతుంది. కాబట్టి మన నిమ్మకు ఓవెన్‌లో చోటు లేదు, భోజనాల బల్ల మీద ఉంది.

ఓవెన్ సంగతి

ఇళ్లలో ఎక్కువగా ఉండే ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) చాలు. పైకడ్డీ, కిందికడ్డీ రెండూ వెలిగేలా పెట్టి, 200 డిగ్రీల సెల్సియస్‌కు కనీసం పావుగంట ముందుగా వేడి చేయండి. మీటమీద ఉన్న అంకెకూ లోపలి వేడికీ చాలాసార్లు పొత్తు ఉండదు. లోపల వేలాడదీసే చిన్న ఉష్ణమాపకం కొని చూస్తే, మా ఓటీజీ 200 అని చెప్పి 175 దగ్గరే ఆగుతోందని తెలిసింది. అప్పటినుంచి 225 మీద పెడుతున్నాను. అదొక్కటీ తెలియక ఏళ్లపాటు కేకులను తిట్టుకున్నాను.

పళ్లెం వెడల్పుగా, రెండు అంగుళాల లోతున ఉండాలి. గాజుదైనా, స్టీలుదైనా ఫర్వాలేదు. పచ్చి అల్యూమినియం వద్దు, టమాటా పులుపుకు లోహపు రుచి దిగుతుంది.

ముందు కూర

బంగాళాదుంపలను చెక్కు తీసి, అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోసి, ఉప్పునీటిలో ఐదారు నిమిషాలు ఉడికించి వంపేయండి. సూది గుచ్చితే దిగాలి, చక్రం విరగకూడదు. ఈ పని ఎందుకో పులుసు పెట్టే ఇంటివారికి విడమరచి చెప్పనక్కర్లేదు. చింతపండు రసం ముందే పోస్తే ముక్క ఉడకదని అమ్మమ్మలు చెప్పిన మాటే ఇది. పులుపు తగిలితే కూరగాయ గోడలు మెత్తబడటానికి మొరాయిస్తాయి. టమాటా కూడా పులుపే. పచ్చి బంగాళాదుంపను నేరుగా టమాటాలో వేస్తే గంట తర్వాత కూడా పంటికి కరకరలాడుతుంది.

ఉల్లిపాయలను నిలువుగా సన్నగా, బిర్యానీకి తరిగినట్టే తరగండి. టమాటాలు పెద్ద ముక్కలు. వెల్లుల్లి రెబ్బలను కత్తి పక్కతో అదిమి వదిలేయండి, సన్నగా తరిగితే మాడతాయి. వీటన్నిటినీ బంగాళాదుంపలతో సహా పళ్లెంలో వేసి, నాలుగు చెంచాల నూనె, ముప్పావు టీ స్పూను ఉప్పు, ఒరెగానోలో మూడొంతులు, మిరియాల పొడి వేసి చేత్తోనే కలపండి. ఓవెన్ మధ్య అరలో 30 నుంచి 35 నిమిషాలు పెట్టండి. సగంలో ఒకసారి తీసి, అంచుల్లోది నడిమికీ, నడిమిది అంచులకూ తిప్పండి.

ఎప్పుడు అయిందో గడియారం చెప్పదు, పళ్లెం చెబుతుంది. మొదటి పావుగంటలో టమాటా నీళ్లు వదిలి అంతా పల్చగా కనిపిస్తుంది. కంగారుపడి చేప పెట్టేయకండి. తర్వాత ఆ నీళ్లు చిక్కబడతాయి, ఉల్లిపాయ అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి, టమాటా తొక్క ముడతపడి చివర్లు కాస్త నల్లబడతాయి, పళ్లెం మూలల్లో ఎర్రటి నూనె తేలుతుంది. మనకు బాగా తెలిసిన ఆ గుర్తు కనిపించాకే ఆలివ్ కాయలు, కేపర్లు చల్లాలి. ఇంకా నీళ్లుంటే మరో ఐదు నిమిషాలు. ఈ దశలో ఒక చెంచా తీసి రుచి చూడండి. ఉప్పు, పులుపు సరిచూసుకోవడానికి ఇదే ఆఖరి అవకాశం.

అప్పుడు చేప

కూర ఓవెన్‌లో ఉండగా చేప పని చూడండి. మార్కెట్ నుంచి తేగానే ఉప్పు, పసుపు వేసి రుద్ది కడగడం మన అలవాటు. ఈసారి పసుపు మానండి, తెల్లటి కండకు ఆ రంగు వదలదు. చల్లటి నీళ్లలో ఒక్కసారి తొలిచి, పొడిగుడ్డతో రెండు వైపులా బాగా ఒత్తి తుడవండి. తడి ఉన్న చేప కాలదు, ఆవిరికి ఉడుకుతుంది. ఒక టీ స్పూను ఉప్పు నాలుగు ముక్కలకూ రెండు వైపులా చల్లి పావుగంట ఉంచండి. ఉప్పు లోపలికి పోయి కండ కొంచెం బిగుస్తుంది. పైకి వచ్చిన తేమను మళ్లీ ఒకసారి అద్దండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ పావుగంట కూడా ఫ్రిజ్‌లోనే.

నిమ్మరసంలో నానబెట్టకండి. పులుపు తగిలిన చేప కండ పొయ్యి ఎక్కకముందే తెల్లబడి బిగుసుకుంటుంది. ఆ తర్వాత వేడి తగిలితే రెండుసార్లు ఉడికినట్టే. నా మొదటి చేప పీచుగా మారడానికి సగం కారణం ఆ గంటే.

పళ్లెం బయటికి తీసి, కూర మీద ముక్కలను తోలు కిందికి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా పరచండి. తోక వైపు సన్నగా ఉంటుంది కాబట్టి ఆ కొసను కిందికి మడిచి మందం సమం చేయండి. మిగిలిన ఒరెగానో, మిరియాలు చల్లి, ఒక చెంచా నూనె పైన రాయండి. మళ్లీ మధ్య అరలోకి.

ఎంతసేపు? అంగుళం మందానికి పది నిమిషాలని ఒక పాత లెక్క ఉంది, కెనడా పద్ధతి అంటారు. మన ఓటీజీలు తలుపు తీయగానే వేడి కోల్పోతాయి కాబట్టి అంగుళం మందమున్న పండుగప్పకు నేను 12 నిమిషాల దగ్గర చూడటం మొదలుపెడతాను. 15 దాటనివ్వను. పల్చని బాసాకు 8 నుంచి 10. కొరమేనుకు రెండు నిమిషాలు ఎక్కువ.

చూడటమంటే ఇలా. అన్నిటికన్నా మందమైన ముక్క మధ్యలో ఫోర్కు వాలుగా దించి కొద్దిగా తిప్పండి. పచ్చిగా ఉంటే కండ మసక గాజులా ఉండి విడిపోనంటుంది. అయిపోతే రేకులు వాటంతటవే జరుగుతాయి, లోపలంతా పాలలా తెల్లగా ఉంటుంది, నడిబొడ్డున మాత్రం తడి మెరుపు మిగులుతుంది. ఆ మెరుపు ఉండగానే తీసేయాలి. మిగతా పని పళ్లెం వేడి చేస్తుంది. కండ మీద తెల్లటి మీగడ చుక్కల్లాంటివి ఎక్కువగా ఉబికితే ఆలస్యమైందని అర్థం. వేడికి కండ పిండుకుపోయి లోపలి మాంసకృత్తులను బయటికి నెడుతోంది. మాంసానికి వాడే ఉష్ణమాపకం ఉంటే మధ్యలో 60 డిగ్రీలు చూపగానే తీయండి. మూడు నిమిషాలు ఆగేసరికి అమెరికా ఆహార భద్రత నియమాలు చెప్పే 63కు చేరుతుంది. చిన్నపిల్లలో, గర్భిణులో తినేట్టయితే 63 కళ్లతో చూశాకే తీయండి.

ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్ల నుంచి అభ్యంతరం వస్తుంది. మా అత్తయ్య మొదటిసారి చూసి, “ఇంకొంచెం ఉంచమ్మా, నీచు వాసన పోదు” అన్నారు. తాజా చేపకు నీచు వాసన పోగొట్టేది ఎక్కువ ఉడకడం కాదు, నిమ్మ. ఆ వాసనకు కారణమైన ట్రైమిథైలమీన్ క్షారగుణం ఉన్నది, పులుపు తగలగానే అణుగుతుంది. ఆ మాట వివరించలేదు, ఆమె ముక్క మీద నిమ్మరసం పిండాను.

నిమ్మా నూనే, పెరుగు కాదు

మధ్యధరా భోజనం అనగానే పెరుగు, కీరాదోసతో చేసే జజికి గుర్తొస్తుంది. మన ఇళ్లలో చాలాచోట్ల చేప తిన్నపూట పెరుగు ముట్టరు. ఆయుర్వేదం చేపను, పాలను విరుద్ధాహారంగా చెబుతుంది. కలిపి తింటే బొల్లి వస్తుందన్న మాటకు వైద్యపరమైన ఆధారం లేదు. కానీ భోజనాల బల్ల దగ్గర వాదన గెలిచి ఏం చేస్తాం? అదృష్టం ఏమిటంటే, గ్రీకులు కాల్చిన చేప మీద పోసేది ఎక్కువగా పెరుగు కాదు, లాడోలెమోనో. లాడి అంటే నూనె, లెమోని అంటే నిమ్మ. అంతే.

మూత ఉన్న చిన్న సీసాలో ఆరు చెంచాల ఆలివ్ నూనె, ఒకటిన్నర చెంచా నిమ్మరసం, రెండు చిటికెల ఉప్పు, ఒక చిటికెడు ఒరెగానో వేసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. అరనిమిషంలో లేత పసుపు రంగుకు తిరిగి, చిక్కబడి కలిసిపోతుంది. మన నిమ్మ పులుపు ఎక్కువ కనుక, రుచి చూసి చాలదనిపిస్తేనే ఇంకాస్త రసం కలపండి. కాసేపు ఆగితే విడిపోతుంది, మళ్లీ గిలకొడితే కలుస్తుంది. చేప ఓవెన్ నుంచి వచ్చి మూడు నిమిషాలు ఆగాక సగం పైన పోసి, తరిగిన కొత్తిమీర చల్లి, మిగతా సగం బల్ల మీద పెట్టండి.

కారం సంగతి కూడా తేల్చేద్దాం. దంచిన ఎండుమిరప అర టీ స్పూను కూరలో వేస్తే తప్పు లేదు, మధ్యధరా దక్షిణ తీరంలోనూ మిరప బాగానే వాడతారు. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వేస్తే మాత్రం మరో వంట అవుతుంది. అది బాగుండదని కాదు, అందుకు ఇంత ఆలివ్ నూనె దండగ.

దేనితో తినాలి

పళ్లెం అడుగున మిగిలే ఎర్రటి నూనె, చేప రసం, నిమ్మ కలిసిన ఆ ద్రవమే ఈ భోజనంలో అసలు సొగసు. దాన్ని అద్దుకోవడానికి రొట్టె కావాలి. పురానీ హవేలీ వైపు వెళ్లే పని ఉంటే అక్కడి తందూరులో కాల్చే నాలుగు మూలల నాన్ తెచ్చుకోండి. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉండే ఆ నాన్ ముక్క ఈ రసాన్ని పీల్చుకున్నట్టు ఖరీదైన బేకరీ రొట్టె కూడా పీల్చుకోదు. అన్నం లేనిదే భోజనం కాదనేవారికి వేడి అన్నం మీద రెండు గరిటెలు కూర, ఒక ముక్క చేప వేసి ఇవ్వండి. పక్కన కీరా, ఉల్లిపాయ ముక్కల మీద ఉప్పు, నిమ్మరసం చాలు.

ఓవెన్ లేకపోతే

వెడల్పాటి మందపు బాణలిలో అదే నూనెలో ఉల్లి, వెల్లుల్లి, టమాటా, ఉడికించిన దుంపలు వేసి, మూత లేకుండా మధ్య మంట మీద నూనె తేలేదాకా మగ్గించండి. చేప ముక్కలు పైన పరచి, మూత పెట్టి, సన్న మంట మీద 8 నుంచి 10 నిమిషాలు. అంచులు గోధుమ రంగు తిరగవు, ఆ కాల్చిన రుచి రాదు. మిగతాదంతా వస్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో కూర కుదరదు, చేపను మాత్రం విడిగా 180 డిగ్రీల మీద 8 నిమిషాల్లో కాల్చి కూర మీద పెట్టుకోవచ్చు.

మిగిలితే

చేపల పులుసు మర్నాటికి రుచెక్కుతుంది. ఇది మర్నాటికి గట్టిపడుతుంది. మళ్లీ వేడి చేస్తే ఇంకా గట్టిపడుతుంది. కాబట్టి మిగిలిన చేపను అదే రాత్రి రేకులుగా విడదీసి, బంగాళాదుంప ముక్కలతో మెదిపి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున్నే పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి బిళ్లలు చేసి, రొట్టె పొడి అద్ది పెనం మీద కాలిస్తే కట్‌లెట్లు. ఇందులో మీ కారం మీ ఇష్టం.

విడిగా కట్టించుకున్న తల, ముల్లు ఉన్నాయి కదా. ఓవెన్ వేడెక్కేలోపే నేను వాటికి పసుపు, ఉప్పు పట్టించి, చింతపండు నానబెట్టి, పక్క పొయ్యి మీద పులుసు ఎక్కించేస్తాను. ఆ పులుసును ఆ రాత్రి ఎవరినీ ముట్టనివ్వను.